హైదరాబాద్ మిద్దె మీద బేర్‌రూట్ గులాబీ: పార్సిల్ విప్పిన నాటి నుంచి తొలి వేసవి దాటే వరకు

మట్టి లేకుండా, ఆకు లేకుండా, మూడు నాలుగు ముళ్ల కొమ్మలూ గుప్పెడు వేర్లూ మాత్రమే ఉన్న మొక్క పార్సిల్‌లో వస్తే, ఇది బతుకుతుందా అన్న అనుమానం రావడం సహజం. బతుకుతుంది. మొదటి మూడు నెలలు పూల కోసం తొందరపడకుండా వేరు పట్టనిస్తే హైదరాబాద్ వేసవిని కూడా తట్టుకుంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా మనకు దొరికే చల్లని రోజుల్లోనే మొక్క కుండీ నిండా వేర్లు పెంచుకోవాలి. మార్చి వచ్చాక ఆకులు అడిగే నీటిని అందించగల వేరు లేకపోతే ఎంత మంచి ఎరువు వేసినా ఏప్రిల్‌లో కొమ్మలు ఒక్కొక్కటిగా ఎండిపోతాయి. కింద చెప్పే ప్రతి పనీ ఈ లెక్క ప్రకారమే ఉంటుంది.

పొలంలో పెరిగిన గులాబీని చలికాలంలో తవ్వి తీసి, మట్టి దులిపి, ఆకులు దూసి, వేర్లను తడి నాచులోనో తడి కొబ్బరి పీచులోనో చుట్టి పంపితే దాన్ని బేర్‌రూట్ మొక్క అంటారు. బరువు తక్కువ కాబట్టి దూర ప్రాంతాల నర్సరీల నుంచి కూడా తేలిగ్గా తెప్పించుకోవచ్చు, ఇక్కడ దొరకని రకాలు చేతికి వస్తాయి. నాకు వీటిలో అన్నిటికంటే నచ్చేది వేరు కళ్లకు కనిపించడం. కవరు మొక్కను కొన్నప్పుడు లోపల ఏముందో తెలియదు. చాలాసార్లు బంకమట్టి ముద్ద మధ్య వేర్లు ఊపిరాడక ఉంటాయి. ఆ ముద్దను అలాగే తెచ్చి మంచి మట్టిలో పెడితే చుట్టూ ఎంత తడిపినా ముద్ద లోపలికి నీరు దిగదు, దిగితే బయటికి రాదు. బేర్‌రూట్ మొక్కతో ఆ బాధ మొదటి రోజే పోతుంది.

ఎప్పుడు నాటాలి

దీపావళి దాటాక మొదలుపెట్టి సంక్రాంతి లోపు ముగించండి. వానలు అక్టోబరులో వెనక్కి తగ్గుతాయి. డిసెంబరు రాత్రుల్లో ఉష్ణోగ్రత 14, 15 డిగ్రీలకు, నగర శివార్లలో ఇంకా కిందికి దిగుతుంది. పగలు ఎండ ఉన్నా వేడి ఉండదు. వేరు పనిచేయడానికి ఇంతకంటే అనువైన వాతావరణం మనకు ఏడాదిలో మరెప్పుడూ ఉండదు.

చలిదేశాల్లో గులాబీ శీతాకాలమంతా నిద్రలో ఉండి వసంతంలో లేస్తుంది. అందుకే అక్కడివాళ్లు నాటాక నెలల తరబడి ఎదురుచూస్తారు, తెచ్చిన మొక్కను కొన్నాళ్లు నిల్వ కూడా ఉంచుకుంటారు. హైదరాబాద్‌లో ఆ నిద్ర ఉండదు. నాటిన పది పదిహేను రోజుల్లోనే కన్ను, అంటే కొమ్మ మీద చిగురు పుట్టే చోటు, ఉబ్బుతుంది. కాబట్టి పార్సిల్ వచ్చాక ఆదివారం దాకా ఆగుదామనుకోవడం మంచిది కాదు. మొక్క వచ్చేసరికి కుండీ, మట్టి సిద్ధంగా ఉండాలి. ఫిబ్రవరి మధ్య దాటాక ఎవరైనా తగ్గింపు ధరకు ఇస్తామన్నా తీసుకోవద్దని నా సలహా. వేరు పట్టేలోపే ఎండలు ముదురుతాయి.

మొక్క రాకముందే: కుండీ, మట్టి

కొమ్మ కొనన ఒక్కో పెద్ద పువ్వు పూసే హైబ్రిడ్ టీ, గుత్తులుగా పూసే ఫ్లోరిబండ రకాలకు 14 అంగుళాల వెడల్పు, అంతే లోతు ఉన్న కుండీ కావాలి. 12 అంగుళాలది కూడా సరిపోతుంది కానీ మేలో రోజుకు రెండుసార్లు నీళ్లు పోయాల్సి వస్తుంది. బటన్ గులాబీలకు 10 అంగుళాలది చాలు. మట్టి కుండీ వేరును చల్లగా ఉంచుతుంది, అయితే త్వరగా ఆరుతుంది. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండను పీల్చుకుని పక్కన ఉన్న వేర్లను ఉడికించేస్తుంది, వాడక తప్పదంటే బయట తెల్ల రంగు వేయండి లేదా గోనెపట్టా చుట్టండి. తడిసిన మట్టితో కలిపి 14 అంగుళాల కుండీ 30 కిలోలకు పైనే తూగుతుంది. అందుకని మిద్దె మీద కుండీలను శ్లాబు నడిమధ్యలో గుంపుగా పెట్టకుండా పిట్టగోడ వెంబడి, దూలాలు, స్తంభాలు ఉన్న వైపు పెట్టండి. కింద ఇటుకలో స్టాండో ఉండాలి. శ్లాబు వేడి కుండీకి తగలకూడదు, నీరు పోయే రంధ్రాలు మూసుకుపోకూడదు.

కుండీ అడుగున కంకర పరిచే అలవాటు మన దగ్గర ఎక్కువ. దానివల్ల నీరు బాగా పోతుందనుకుంటారు. నిజానికి సన్న మట్టిలోని నీరు పూర్తిగా నిండి బరువెక్కే దాకా కింది కంకరలోకి దిగదు. పైన ఉన్న మట్టి అడుగుభాగం బురదగానే ఉండిపోతుంది, పైగా వేరుకు దక్కాల్సిన రెండంగుళాల చోటు పోతుంది. రంధ్రాల మీద తలొక పెంకు ముక్క పెడితే చాలు.

ఇక మట్టి. నాలుగు పాళ్లు ఎర్రమట్టి, మూడు పాళ్లు బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, రెండు పాళ్లు ముతక ఇసుక లేదా పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికపాటి తెల్ల గుళికలు), ఒక పాలు కొబ్బరి పొట్టు. ఎర్రమట్టి దగ్గర కొంచెం జాగ్రత్త పడాలి. హైదరాబాద్‌లో సెల్లార్ల కోసం తవ్విన మొరాన్ని ఎర్రగా ఉంది కదా అని బస్తాలకెత్తి అమ్ముతుంటారు. అది రాతి పొడి, పైమట్టి కాదు. చేలో పైనుంచి తీసిన మట్టి అయితే తడిపి పిడికిట్లో నొక్కినప్పుడు ముద్దవుతుంది, వేలితో తాకగానే విడిపోతుంది. మొరం ముద్దే కాదు. నల్లరేగడి అయితే ముద్దై విడిపోదు. మొదటి రకమే మనకు కావాలి. కొబ్బరి పొట్టును రెండుసార్లు నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వాడండి, అందులో ఉప్పు ఉంటుంది.

ఒక్కో కుండీకి 100 గ్రాముల వేపపిండి కలపవచ్చు. అయితే అది కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది కాబట్టి నాటే రోజు కలపకూడదు. దసరా సెలవుల్లో మట్టి కలిపి, కొద్దిగా తడిపి, గోనె కప్పి నీడలో ఉంచితే దీపావళి తర్వాతికి చక్కగా మాగుతుంది. పచ్చి పేడ అసలు వద్దు, వేరు మాడుతుంది, వేరు పురుగు కూడా దాంతోనే వస్తుంది. ఎముకల పొడి గులాబీకి తప్పనిసరి అని చాలామంది చెబుతారు. అందులోని భాస్వరం ఆమ్ల గుణం ఉన్న మట్టిలోనే కరుగుతుంది. బోరు నీళ్లు పోసే కుండీలో అది చాలాకాలం అలాగే పడి ఉంటుంది. వేస్తే నష్టం లేదు, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. రసాయన ఎరువు మాత్రం నాటేటప్పుడు చిటికెడు కూడా వేయవద్దు.

ఏ రకం తెప్పించుకోవాలి

బొమ్మలో రంగు చూసి ఎంచుకోకండి. మన ఎండకు నిలబడుతుందా అన్నదే మొదటి ప్రశ్న. మొదటిసారి పెంచేవారికి ఫ్లోరిబండ రకాలు మేలు, పువ్వు చిన్నదైనా గుత్తులుగా పూస్తాయి, తప్పులను ఓర్చుకుంటాయి. 1958లో కోర్డెస్ సంస్థ విడుదల చేసిన తెల్లని ‘ఐస్‌బర్గ్’ ఇందుకు మంచి ఉదాహరణ. ముదురు ఎరుపు, గాఢమైన వాసన కావాలంటే 1897 నాటి ‘గ్రుస్ ఆన్ టెప్లిట్జ్’ ఉంది. పూలు తల వంచుకుని ఉంటాయి గానీ మొక్క మహా మొండిది. 1977 నాటి ‘డబుల్ డిలైట్’ అందానికీ వాసనకూ సాటి లేనిది. అయితే దానికి బూడిద తెగులు త్వరగా పడుతుంది, ఒకటి రెండు మొక్కలు పెంచి చేయి తిరిగాక తెచ్చుకోవడం మంచిది.

వేడి ప్రాంతాలకు తగిన గులాబీ గురించి మాట్లాడేటప్పుడు ఎం.ఎస్. వీరరాఘవన్ పేరు చెప్పకపోతే అన్యాయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, తర్వాత కొడైకెనాల్‌లో స్థిరపడి, భార్య గిరిజతో కలిసి దశాబ్దాల పాటు కొత్త రకాలు రూపొందించారు. బెంగాల్, బిహార్ వైపు సహజంగా పెరిగే రోజా క్లైనోఫిల్లా, మణిపూర్ కొండల రోజా జైగాంటియా అనే మన దేశపు అడవి గులాబీలను తోట గులాబీలతో కలపడం ఆయన ఎంచుకున్న దారి. చలిదేశాల్లో పుట్టిన రకాలను తెచ్చి మన ఎండలో కాపాడుకోవడం కంటే మన ఎండలోనే పుట్టిన రకాలు కావాలన్న ఆయన ఆలోచన నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది. ఆ రకాలు ఎక్కడైనా కనిపిస్తే వదలకండి.

పార్సిల్ విప్పిన రోజు

విప్పగానే మొక్కను నీడలోకి తీసుకెళ్లండి. ఫ్యాను గాలి కూడా తగలనివ్వకండి. తడి నాచు తీసేశాక వేరు కొద్ది నిమిషాల్లోనే ఆరడం మొదలవుతుంది.

ముందుగా మొక్కను పరిశీలించండి. పెన్సిల్ లావు కొమ్మలు రెండు మూడైనా ఉండాలి. కొమ్మ మీద గోటితో కొద్దిగా గీరితే కింద పచ్చగా కనిపించాలి. గోధుమ రంగులో ఉంటే ఆ భాగం చచ్చినట్టు, పచ్చదనం కనిపించే దాకా కిందికి వెళ్లి చూడండి. వేరు వంచితే వంగాలి. పుటుక్కున విరిగితే ఎండిపోయింది, నొక్కినప్పుడు తొక్క జారిపోయి కుళ్లు వాసన వస్తే మురిగిపోయింది. అంటు కట్టిన చోటు కింద నుంచి ఒక్క లావు వేరు కూడా లేని మొక్క వస్తే ఫొటో తీసి నర్సరీకి అదే రోజు పంపండి.

తర్వాత వేర్లన్నీ మునిగేలా బకెట్ నీటిలో నానబెట్టండి. ఆరు నుంచి పన్నెండు గంటలు చాలు. 24 గంటలు మించితే నీటిలో గాలి లేక వేరు పాడవుతుంది. సాయంత్రం పార్సిల్ వస్తే రాత్రంతా నానబెట్టి పొద్దున్నే నాటడం సులువైన పద్ధతి. బకెట్ బాత్‌రూములోనో వంటింటి మూలలోనో ఉండనివ్వండి.

నాటే ముందు వేర్లను కార్బెండజిమ్ మందు లీటరుకు ఒక గ్రాము కలిపిన నీటిలో పావుగంట ముంచితే బూజు భయం తగ్గుతుంది. చేతికి తొడుగులు వేసుకోండి. రసాయనం వద్దనుకునేవారు మట్టిలో ట్రైకోడెర్మా కలుపుకోవచ్చు. రెండూ కలిపి మాత్రం వాడకండి. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే, మందు దాన్నీ చంపుతుంది.

విరిగిన, నలిగిన వేర్ల కొనలు పదునైన కత్తెరతో శుభ్రంగా కోయండి. బాగున్న సన్న వేర్లను ముట్టుకోకండి. కొమ్మలను 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున, బయటి వైపు చూస్తున్న కన్నుకు కాస్త పైన కత్తిరించండి. పొడుగు కొమ్మలు ఉంచుకోవాలని మనసు లాగుతుంది. కానీ ఉన్న కొద్దిపాటి వేరు అంత కొమ్మనూ పోషించలేదు. కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను నీటిలో ముద్దగా కలిపి పూయండి. మన దగ్గర గులాబీని ఎక్కువగా బలి తీసుకునేది ఆ కోసిన కొనల నుంచి కిందికి పాకే కొమ్మ ఎండు తెగులే.

నాటడం

కుండీలో మూడో వంతు మట్టి నింపి, మధ్యలో శంఖంలా చిన్న దిబ్బ చేయండి. ఆ దిబ్బ మీద మొక్కను నిలబెట్టి వేర్లను చుట్టూ కిందికి జారేలా పరచండి. వేరు పొడుగై కుండీ గోడ వెంట చుట్టుకుంటుంటే అంత మేర కత్తిరించడమే మంచిది. చుట్టుకున్న వేరు తర్వాత కూడా అలాగే తిరుగుతుంది.

అంటు ముడి, అంటే కొమ్మలన్నీ మొదలయ్యే ఆ ఉబ్బెత్తు భాగం, మట్టికి రెండు అంగుళాలు పైన ఉండాలి. విదేశీ వీడియోల్లో దాన్ని మట్టిలో పూడ్చమని చెబుతారు. మంచు గడ్డకట్టే చోట అంటు చచ్చిపోకుండా అది రక్షణ. మనకు మంచు లేదు, వాన ఉంది. పూడ్చిన అంటు ముడి జూలై, ఆగస్టు తడికి కుళ్లుతుంది.

ఒక చేత్తో మొక్కను పట్టుకుని మిగిలిన మట్టిని వేర్ల మధ్యకు వెళ్లేలా పోయండి. కుండీని రెండు మూడుసార్లు నేలకు మెల్లగా తట్టండి. కాలితోనో పిడికిలితోనో అదమకండి, మట్టిని కూర్చే పని నీటిది. కింది రంధ్రాల నుంచి కారే దాకా నీళ్లు పోసి, అరగంట ఆగి మళ్లీ పోయండి. మట్టి కుంగితే పైన ఇంకొంచెం వేసి, అంచు నుంచి రెండు అంగుళాలు ఖాళీ ఉంచండి. మొక్క ఊగుతుంటే పుల్ల పాతి కట్టండి. ఊగే మొక్కకు పుట్టిన సన్న వేరు పుట్టినట్టే తెగిపోతుంది.

మొదటి నెల

ఇప్పుడు మొక్కకు ఆకు లేదు, అంటే నీరు తాగే పనే దాదాపు లేదు. బేర్‌రూట్ మొక్కలు మొదటి నెలలో పోయేది ఎక్కువగా ప్రేమతో రోజూ పోసిన నీటివల్లే. రెండో కణుపు దాకా వేలు మట్టిలోకి దించి చూడండి. చల్లగా తగిలితే ఆ రోజు పోయవద్దు. డిసెంబరులో మూడు నాలుగు రోజులకోసారి సరిపోవచ్చు. తారీఖు కాదు, వేలు చెప్పినట్టు చేయండి.

వేరుకు నీరు ఎక్కువ కాకూడదు, కొమ్మ మాత్రం ఎండకూడదు. చలికాలంలో మన గాలి పొడిగా ఉంటుంది, ఆకు రాకముందే కొమ్మ తొక్క ముడతలు పడుతుంది. అందుకని తడి కొబ్బరి పొట్టును కొమ్మల చుట్టూ కుప్పగా పోసి, పైన కొనలు మాత్రమే కనిపించేలా ఉంచండి. కుండీని వెలుతురు బాగా ఉండి నేరుగా ఎండ పడని చోట పెట్టండి. రోజూ పొట్టు మీద నీళ్లు చిలకరిస్తే చాలు. కళ్లు ఉబ్బి ఎర్రని చిగుళ్లు అర అంగుళం దాటాక, రెండు మూడు సాయంత్రాల్లో కొంచెం కొంచెంగా ఆ పొట్టును తీసేయండి. చేత్తో లాగితే చిగురు విరుగుతుంది, మగ్గుతో నీళ్లు మెల్లగా పోసి జార్చండి.

మూడు వారాలైనా కన్ను కదలకపోతే కంగారుపడి తవ్వి చూడకండి. కొమ్మను గీరి చూడండి. పచ్చగా ఉన్నంతకాలం ఆశ ఉంది. అందుకు విరుద్ధంగా, వారంలోనే చిగుళ్లు వచ్చేశాయని సంబరపడి ఎండలోకి నెట్టడం ఇంకా ప్రమాదం. ఆ మొదటి చిగురు కొమ్మలో దాచుకున్న పిండి పదార్థంతో వచ్చింది, వేరు ఇచ్చింది కాదు.

ఎండలోకి, మొదటి మొగ్గ దాకా

ఆకులు పూర్తిగా విచ్చుకుని, ఎరుపు పోయి పచ్చబడ్డాక పొద్దుటి ఎండ చూపించండి. మొదట రెండు గంటలు, వారం తర్వాత మూడు, అలా నెల చివరికి ఐదారు గంటలు. తూర్పు బాల్కనీ ఉన్నవారికి ఇది దానంతటదే జరిగిపోతుంది. దక్షిణపు బాల్కనీ ఇంకా మంచిదని నా అభిప్రాయం. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఎండ లోపలి దాకా వస్తుంది. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, అప్పటి నుంచి ఆగస్టు 3 ప్రాంతం వరకు మధ్యాహ్నం వేళ కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అంటే పైకప్పు ఉన్న దక్షిణ బాల్కనీకి వేసవి మధ్యాహ్నం నీడ ఉచితంగా దొరుకుతుంది. పడమర బాల్కనీలో మాత్రం మార్చి నుంచి అడ్డుతెర లేకుండా గులాబీ కష్టం.

చిగుళ్ల కొనన మొదటి మొగ్గలు కనిపిస్తాయి. తుంచేయండి. ఏ రకం వచ్చిందో చూడాలని ఆరాటం ఉంటే ఒక్క మొగ్గను ఉంచి, రంగు కనిపించగానే కోసి గాజు గ్లాసులో పెట్టుకోండి. మిగిలినవన్నీ బఠాణీ గింజంత ఉన్నప్పుడే తీసేయండి. ఫిబ్రవరి మధ్య దాకా ఇలాగే చేస్తే ఆ శక్తి అంతా వేరుకు వెళ్తుంది.

అంటు ముడి కింద నుంచి వచ్చే పిలకల మీద కన్నేసి ఉంచండి. అవి మీరు కొన్న గులాబీవి కావు, అంటు కట్టడానికి వాడిన అడవి మొక్కవి. ఒక్కో ఆకు రెమ్మకు ఏడు చిన్న ఆకులుంటే అడవిది, ఐదు ఉంటే మంచిది అనే లెక్క నమ్మదగింది కాదు, మంచి రకాలకూ ఏడు ఆకులు వస్తాయి. మట్టి కాస్త తొలగించి అది ఎక్కడ పుట్టిందో చూడటమే సరైన పద్ధతి. కత్తిరిస్తే మళ్లీ నాలుగు వస్తాయి. అది పుట్టిన చోటే పట్టుకుని కిందికి లాగి పెరికేయండి.

నీళ్ల సంగతి

హైదరాబాద్‌లో గులాబీ పెంచేవారు తెగుళ్ల కంటే ఎక్కువగా ఆలోచించాల్సింది నీటి గురించి. గులాబీకి 6 నుంచి 6.5 పీహెచ్ ఉన్న, అంటే కొద్దిగా ఆమ్ల గుణం ఉన్న మట్టి నచ్చుతుంది. గ్రానైట్ రాళ్ల లోతుల్లోంచి వచ్చే మన బోరు నీరు చాలా చోట్ల గడుసుగా, క్షారంగా ఉంటుంది. కుండీ అంచున తెల్లని పొక్కు కడుతోందంటే లోపల ఉప్పు పేరుకుంటోందని అర్థం. కొత్త ఆకులు పసుపు పచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే, మట్టిలో ఇనుము ఉన్నా ఆ క్షార గుణం వల్ల వేరు దాన్ని తీసుకోలేకపోతోంది. ఇది చూసి యూరియా వేసేవాళ్లున్నారు. దానివల్ల ఏమీ కాదు. ఇలాంటి మట్టికి ఈడీడీహెచ్ఏ రూపంలో ఉన్న ఇనుము కొనండి, ఈడీటీఏ రూపంలోది క్షార మట్టిలో నిలవదు. ప్యాకెట్ మీద చూసి తీసుకోండి.

వీలైతే నల్లా నీళ్లు వాడండి. మంజీరా, కృష్ణా, గోదావరి ఏ నీరైనా బోరు కంటే నయం. నల్లా నీరు తాగడానికే చాలని ఇళ్లలో ఇంకో దారి ఉంది. ఏసీ నుంచి కారే నీరు గాలిలోని తేమ చల్లబడి నీరుగా మారి వచ్చినది, అందులో లవణాలు దాదాపు ఉండవు. బకెట్ పెట్టి పట్టి, బోరు నీటిలో సగానికి సగం కలిపి పోయండి. గులాబీ అవసరం ఎక్కువగా ఉండే ఏప్రిల్, మే నెలల్లోనే ఏసీ నీరు కూడా ఎక్కువ వస్తుంది. ఆర్వో ఫిల్టరు వదిలేసే నీరు మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. లవణాలన్నీ చిక్కబడి వచ్చేది అందులోనే. గిన్నెలు కడగడానికి వాడుకోండి, గులాబీకి వద్దు.

నెలకోసారి కుండీ పరిమాణానికి రెట్టింపు మంచి నీరు నెమ్మదిగా పోసి, అడుగు నుంచి ధారగా కారనివ్వండి. పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది. ఆ మర్నాడు కాస్త వర్మీకంపోస్టు వేయండి. కింద పళ్లెం పెడితే కారిన నీటిని పారబోయాలి, మళ్లీ మట్టి పీల్చుకోకూడదు.

ఎరువు

మొదటి ఆకులు ముదిరాక, అంటే నాటిన ఆరు వారాలకు మొదలుపెడితే చాలు. గుప్పెడు వేరుశనగ చెక్కను రెండు లీటర్ల నీటిలో నాలుగు రోజులు నానబెట్టి, పైతేటకు పది రెట్లు నీరు కలిపి పదిహేను రోజులకోసారి కుండీకి అర లీటరు పోయండి. వాసన ఘాటుగా ఉంటుంది కాబట్టి అపార్ట్‌మెంట్లలో మూత పెట్టి నానబెట్టండి. అది కుదరనివారు నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఎరువు లీటరుకు రెండు గ్రాములు కలుపుకోవచ్చు. ఏదైనా తడి మట్టి మీదే పోయాలి. కోడిగుడ్డు పెంకులు వేయమని అందరూ చెబుతుంటారు. అవి సున్నం. బోరు నీటితో ఇప్పటికే సున్నం ఎక్కువైన కుండీకి వాటి అవసరం లేదు.

తెగుళ్లు, పురుగులు

డిసెంబరు, జనవరిలో లేత ఆకుల మీద తెల్ల పొడి చల్లినట్టు కనిపిస్తే బూడిద తెగులు. నీటిలో కరిగే గంధకం లీటరుకు రెండు గ్రాములు చల్లితే తగ్గుతుంది. ఎండ 30 డిగ్రీలు దాటే రోజుల్లో గానీ, వేపనూనె కొట్టిన రెండు మూడు వారాల లోపు గానీ గంధకం వాడకండి, ఆకు మాడుతుంది. చిగురు మీద పేనుబంక కనిపిస్తే వేళ్లతో నలిపి కడిగేయండి, మందు దాకా పోనక్కర్లేదు. ఫిబ్రవరి నుంచి తామర పురుగులు మొగ్గలోకి దూరి రేకుల అంచులు మాడుస్తాయి. నీలి రంగు జిగురు అట్టలు వేలాడదీసి, సాయంత్రం వేళ లీటరుకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీరు కలిపి చల్లండి.

మార్చి తర్వాత ఆకు పైన సన్నని లేత చుక్కలు వచ్చి, వెనక సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే ఎర్రనల్లి. వేడికి, పొడి గాలికి రెచ్చిపోతుంది. పొద్దున్నే ఆకుల అడుగుభాగానికి పైపుతో గట్టిగా నీళ్లు కొట్టడం దీనికి మంచి వైద్యం. వరసగా వారం రోజులు చేయాలి.

తొలి వేసవి

మార్చి మూడో వారానికే 50 శాతం నీడనిచ్చే ఆకుపచ్చ వల కట్టేయండి. పదకొండు నుంచి నాలుగింటి దాకా ఎండ తగలకుండా ఉంటే చాలు, పొద్దుటి ఎండ రానివ్వాలి. కుండీలను దగ్గరదగ్గరగా జరిపితే ఒకదాని నీడ ఇంకోదాని గోడకు పడుతుంది. మట్టి మీద రెండు అంగుళాల మందాన ఎండుటాకులో పల్లీ పొట్టో పరచండి, కాండానికి తగలకుండా కొంచెం ఎడం ఉంచండి. పొద్దున ఆరేడు గంటల మధ్య నిండుగా నీరు పోయాలి. సాయంత్రం మట్టి ఆరితే మళ్లీ కొంచెం. మధ్యాహ్నం ఆకు వాలినా మట్టిలో తడి ఉంటే నీరు పోయకండి, సాయంత్రానికి అదే లేస్తుంది. పైపులో నిలిచిన నీరు వేడెక్కి ఉంటుంది కాబట్టి మొదటి ధారను వదిలేశాకే మొక్కకు పట్టండి.

ఏప్రిల్, మే నెలల్లో కత్తెర పట్టకండి, ఎరువు వేయకండి, మొగ్గ వస్తే తుంచండి. కొమ్మ కొన నల్లబడుతుంటే మాత్రం పచ్చని భాగం దాకా కోసి కాపర్ మందు పూయాలి. ఆకులు సగం రాలినా బెంగపడవద్దు. కొమ్మలు పచ్చగా ఉంటే జూన్ తొలి వానలకు అడుగు నుంచి కొత్త కొమ్మలు లేస్తాయి.

వానల నుంచి అక్టోబరు దాకా

ఇప్పుడు ప్రధాన శత్రువు నల్ల మచ్చ తెగులు. ఆకు మీద నీరు ఏడు గంటలు నిలిచిందంటే దాని బీజాలు మొలకెత్తగలవు. కుండీల మధ్య ఎడం పెంచండి, వల విప్పేయండి, రాలిన ఆకులు ఏ రోజుకారోజు ఏరి కంపోస్టులో కాకుండా చెత్తలో పడేయండి. రాత్రింబవళ్లు ముసురు పట్టినప్పుడు కుండీని ఒక ఇటుక మీదకు ఒరిగిస్తే నీరు నిలవదు. ఈ కాలంలో వచ్చే పూలను ఉంచుకోవచ్చు.

వానలు తగ్గాక అక్టోబరు రెండో సగంలో మొదటి అసలైన కత్తిరింపు. చచ్చినవీ, లోపలికి పెరిగినవీ, పుల్లల్లాంటివీ తీసేసి, మిగిలిన కొమ్మలను మూడో వంతు తగ్గించండి. పైన రెండు అంగుళాల పాత మట్టి తీసి కొత్త కంపోస్టు నింపండి. కత్తిరించిన నాటి నుంచి పువ్వు విచ్చుకోవడానికి హైబ్రిడ్ టీ రకాలు 45 నుంచి 55 రోజులు తీసుకుంటాయి, అక్టోబరు చివర కోస్తే డిసెంబరు మధ్యలో పూస్తాయి. సంక్రాంతికి గుమ్మం ముందు పూలుండాలంటే నవంబరు చివరి వారంలో కోయాలి. రెండు మూడు మొక్కలున్నవారు ఒక్కోదాన్ని పదిహేను రోజుల తేడాతో కత్తిరిస్తే చలికాలమంతా ఏదో ఒకటి పూసి ఉంటుంది. రెండేళ్లకోసారి, ఇదే కాలంలో, మొక్కను కుండీలోంచి తీసి, వేర్ల ముద్దను చుట్టూ రెండు అంగుళాల మేర కోసి, కొత్త మట్టిలో మళ్లీ నాటుకోవాలి.